ఒకే గుర్తు, వేరు వేరు పేర్లు: ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు, కొలమానాల పేర్లలో ప్రాంతీయ భేదాలు

పరిచయం

ఒకే వస్తువును బ్రిటన్‌లో ‘లిఫ్ట్’ అనీ, అమెరికాలో ‘ఎలివేటర్’ అనీ అంటారని విద్యార్థులకు సాధారణంగా తెలిసే ఉంటుంది. ఇటువంటి భేదాలు పదజాలంతో ఆగిపోవు. అక్షరాల పేర్లు, విరామచిహ్నాల పేర్లు, కొలమానాల పేర్లు కూడా ప్రాంతాన్ని బట్టి మారుతాయి. కాగితం మీద చూసినప్పుడు ఇబ్బంది రాదు. గుర్తు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. దానిని నోటితో చెప్పవలసి వచ్చినప్పుడు, చెప్పేవారు ఒక పేరు వాడి, వినేవారు మరో గుర్తు రాసుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. ఫోనులో బ్యాంకు ఖాతా వివరాలు చెప్పడం, ఈమెయిల్ చిరునామా చెప్పడం, గల్ఫ్‌లో ఉన్నవారికి పాస్‌పోర్టులోని పేరును ఒక్కొక్క అక్షరంగా చెప్పడం, పట్టా పాస్‌పుస్తకంలోని భూమి విస్తీర్ణాన్ని చదివి వినిపించడం, ఇవన్నీ అటువంటి సందర్భాలే.

ఈ భాగంలో ఉదాహరణలు ఎక్కువగా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతం నుంచి తీసుకున్నాం. నేత, వ్యవసాయం, గల్ఫ్ వలస మూడూ ఉన్న ప్రాంతం కావడం వల్ల మూడు నాలుగు రకాల ఇంగ్లీషు ఇక్కడ ఒకే ఇంట్లో వినిపిస్తుంది. చదువుతున్నప్పుడు ‘ఏది సరైన పేరు?’ అని వెతకకండి. ‘ఇది ఎవరి పేరు? ఏ దారిన ఇక్కడికి వచ్చింది?’ అని అడగండి.

ఏ, ఈ, ఐ

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట మండలం పేరును తెలుగులోనే ఇల్లంతకుంట అని కూడా రాస్తారు. ఇక ఇంగ్లీషులో ఆ పేరు మొదట వచ్చే అక్షరం ఏది? ‘ఎ’ ధ్వనికి ఇంగ్లీషువారి ఐదో అక్షరం వాడాలి. ‘ఇ’ ధ్వనికి తొమ్మిదో అక్షరం కావాలి. తెలుగువారు పదం మొదట్లో వచ్చే ‘ఎ’ను ‘యె’గా పలుకుతారు కనుక ఇరవై ఐదో అక్షరంతో మొదలుపెట్టేవారూ ఉంటారు. పైగా సీతారామస్వామి ఆలయానికి పేరుపొందిన ఇల్లందకుంట, కరీంనగర్ జిల్లాలో వేరే మండలం. రెండు పేర్లనూ ఫోనులో చెప్పి చూడండి. ‘త’కూ ‘ద’కూ మధ్య తేడా ఎంత సన్ననిదో తెలుస్తుంది.

అసలు చిక్కు ఇంకా లోతులో ఉంది. ఇంగ్లీషు మొదటి అక్షరం పేరు ‘ఏ’, ఐదో అక్షరం పేరు ‘ఈ’, తొమ్మిదో అక్షరం పేరు ‘ఐ’. ఈ మూడూ తెలుగు అక్షరాలు కూడా. అయితే తెలుగులో ‘ఏ’ అని పలికే ధ్వనిని ఇంగ్లీషు లిపిలో రాయాలంటే సాధారణంగా వాడేది ‘ఈ’ అనే పేరున్న అక్షరాన్ని. తెలుగు ‘ఇ’ని రాయడానికి వాడేది ‘ఐ’ అనే పేరున్న అక్షరాన్ని. అంటే పేరూ ధ్వనీ ఒక మెట్టు జరిగి ఉన్నాయి.

దీనికి కారణం ఇంగ్లీషు చరిత్రలో ఉంది. లాటిన్ లిపిని వాడే ఇటలీ, స్పెయిన్ దేశాల్లో ఈ మూడు అక్షరాలను నేటికీ సుమారుగా ‘ఆ’, ‘ఎ’, ‘ఇ’ అనే పిలుస్తారు. ఇంగ్లీషులో కూడా పూర్వం దాదాపు అలాగే ఉండేది. 15వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం వరకు ఇంగ్లీషులోని దీర్ఘాచ్చులన్నీ క్రమంగా స్థానం మార్చుకున్నాయి. భాషాశాస్త్రంలో దీనిని మహా స్వరపరివర్తన అంటారు. పదాలతో పాటు అక్షరాల పేర్లూ జరిగిపోయాయి, రాత మాత్రం జరగలేదు. తెలుగు పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు మనం పాత లాటిన్ ధ్వనులను అనుసరిస్తాం. వాటిని నోటితో చెప్పేటప్పుడు మారిపోయిన ఇంగ్లీషు పేర్లను వాడతాం. విద్యార్థి తడబడటంలో అతని తప్పు తక్కువ, చరిత్ర పాలు ఎక్కువ.

దీనివల్ల కలిగే నష్టం ఊహాజనితం కాదు. తెలంగాణ భూమి రికార్డుల్లో ఒక సర్వే నంబరులోని భాగాలను చూపడానికి గీత పక్కన తెలుగు అచ్చులు వాడే పద్ధతి ఉంది: 124/అ, 124/ఆ, 124/ఇ, 124/ఈ. ఇప్పుడు ఒకరు ఫోనులో ‘నూట ఇరవై నాలుగు బై ఈ’ అన్నారనుకుందాం. తెలుగు రికార్డు చూసేవారు ‘124/ఈ’ తెరుస్తారు. ఇంగ్లీషు అలవాటున్నవారు ఐదో ఇంగ్లీషు అక్షరం రాసుకుంటారు. దానిని చూసిన మూడో మనిషి తెలుగులోకి మార్చేటప్పుడు ‘ఎ’ అనో ‘ఇ’ అనో అనుకుంటాడు. ఒకే మాట మూడు వేర్వేరు మడులకు దారి తీసింది. అందుకే ఇటువంటి చోట ‘ఈగలో ఈ’, ‘ఇల్లులో ఇ’ అని తెలుగు పదంతో కలిపి చెప్పడం మంచిది. పిల్లల చదువులా వినిపించినా పొలం విషయంలో మొహమాటపడటం అనవసరం.

ఎం, యం, హెచ్, జెడ్

పాత తెలుగు పుస్తకాల అట్టల మీద, దుకాణాల బోర్డుల మీద ‘యం.ఏ.’, ‘యల్.ఐ.సి.’, ‘యన్.సి.సి.’, ‘యస్.ఐ.’ అనే రాతలు మీరు చూసే ఉంటారు. ఇప్పుడు పత్రికలు ‘ఎంఏ’, ‘ఎల్‌ఐసీ’ అని రాస్తున్నాయి. మొదటిది తెలుగు నోటికి దగ్గర, రెండోది ఇంగ్లీషు పేరుకు దగ్గర. పదాది ఎకారానికి ముందు యకారం పలకడం తెలుగువారి సహజ లక్షణం. ‘ఎవరు’ను ‘యెవరు’గా, ‘ఎద్దు’ను ‘యెద్దు’గా పలకడం వంటిదే ఇది. తప్పుగా భావించనక్కరలేదు. కానీ పేర్ల జాబితాను తెలుగు అకారాది క్రమంలో పేర్చినప్పుడు ‘ఎం’తో రాసిన పేరు ముందు పేజీలకు, ‘యం’తో రాసిన పేరు చివరి పేజీలకు వెళ్తుంది. ఓటర్ల జాబితాలోనో, పరీక్షా కేంద్రం నోటీసు బోర్డు మీదో పేరు కనిపించకపోతే రెండో చోట కూడా వెతకండి.

దీనికి సంబంధించిన వ్యాకరణ విషయం ఒకటి పరీక్షల్లో తరచుగా వస్తుంది. ఇంగ్లీషులో ‘ఎ’, ‘యాన్’ అనే రెండు ఉపపదాల్లో ఏది వాడాలో తర్వాతి పదం మొదటి ధ్వని నిర్ణయిస్తుంది. ‘ఎంఏ డిగ్రీ’ ముందు ‘యాన్’ రావాలి, ఎందుకంటే ఆ అక్షరం పేరు ఇంగ్లీషులో అచ్చుతో మొదలవుతుంది. ‘యమ్మే’ అని పలికే అలవాటున్న విద్యార్థికి అక్కడ హల్లు వినిపించి ‘ఎ’ రాస్తాడు. చెవి చెప్పింది నిజమే, కానీ అది తెలుగు చెవి.

ఎనిమిదో అక్షరం ‘హెచ్’ విషయం ఇంకా ఆసక్తికరం. బ్రిటిష్ నిఘంటువుల్లో దీని ప్రామాణికమైన పేరు ‘ఎయిచ్’, హకారం లేకుండా. ఐర్లండ్‌లో చాలామంది ‘హేచ్’ అంటారు. మన పొరుగున తమిళులు ‘ఎచ్’ అంటారు, తెలుగువారు ‘హెచ్’ అంటారు. కనుక ‘ఐదు హెచ్‌పీ మోటారు’ను ఇంగ్లీషు వాక్యంలో అంకె లేకుండా రాయవలసి వస్తే, ‘ఎయిచ్’ అనేవారి లెక్కన ‘యాన్’, ‘హేచ్’ అనేవారి లెక్కన ‘ఎ’ వస్తుంది. పరీక్షలో మాత్రం నిఘంటువు ఉచ్చారణను అనుసరించి ‘యాన్’ రాయండి.

చివరి అక్షరం దగ్గర లోకం రెండుగా చీలుతుంది. బ్రిటన్, భారతదేశం, ఆస్ట్రేలియాల్లో అది ‘జెడ్’. అమెరికాలో ‘జీ’. మన పెద్దలు కొందరు ‘ఇజడ్’ అంటారు. దానిని విని నవ్వేవారు తెలుసుకోవలసింది ఏమిటంటే, ఇంగ్లాండులోనే ఈ అక్షరానికి ‘ఇజర్డ్’ అనే పేరు ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ఆ పేరును పేర్కొంది.

అమెరికన్ పేరుతో తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తెలుగు లిపిలో ఏడో అక్షరం పేరును ‘జీ’ అని రాస్తాం. అమెరికన్ల చివరి అక్షరం పేరునూ ‘జీ’ అనే రాయాలి. ఉర్దూ అలవాటున్నవారి చెవికి రెండు జకారాల మధ్య తేడా తెలుస్తుంది కానీ, రాసుకునేటప్పుడు ఆ తేడా నిలవదు. మన వాహనాల నంబర్లు 2024 మార్చి నుంచి ‘టీజీ’తో మొదలవుతున్నాయి. అమెరికన్ పద్ధతి తెలిసిన మనిషి దీనిని వింటే, రెండోది ఏడో అక్షరమా, చివరిదా అని ఒక క్షణం ఆగవచ్చు. గల్ఫ్ దేశాల్లో ఈ చిక్కు మరింత ఎక్కువ. అక్కడి ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో అమెరికన్ పద్ధతిలో ఇంగ్లీషు నేర్చుకున్న ఫిలిప్పీన్స్ వాసులు, బ్రిటిష్ పద్ధతిలో నేర్చుకున్న భారతీయులు, అరబ్బులు పక్కపక్కన పనిచేస్తారు. తెలుగువారు మాత్రం ‘జెడ్’నే పట్టుకోవడం మేలని ఈ రచయిత అభిప్రాయం. దేనితోనూ కలవని పేరు అది.

ఓ, సున్నా, డబుల్

అంకెలను చెప్పేటప్పుడు సున్నాను ‘జీరో’ అనీ, ‘ఓ’ అనీ అంటారు. బ్రిటన్‌లో ‘నాట్’ అనీ, ‘నిల్’ అనీ కూడా వినిపిస్తాయి. ఫోను నంబరులో అక్షరాలు ఉండవు కనుక ‘ఓ’ అన్నా ప్రమాదం లేదు. అక్షరాలూ అంకెలూ కలిసిన చోట అలా కాదు. బ్యాంకుల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ను చూడండి. అందులో 11 స్థానాలు ఉంటాయి. మొదటి నాలుగు బ్యాంకును తెలిపే అక్షరాలు, ఐదో స్థానంలో ఎప్పుడూ సున్నాయే. నాలుగు అక్షరాల తర్వాత వెంటనే ‘ఓ’ అని వినిపిస్తే ఎవరైనా ఐదో అక్షరం అనే అనుకుంటారు. దుబాయి నుంచి డబ్బు పంపే మనిషి అలా రాస్తే కోడ్ చెల్లదు. మన వాహనాల నంబర్లలోని వరుస అక్షరాల్లో ‘ఐ’, ‘ఓ’ అనే రెండింటినీ వాడరు. అవి ఒకటి, సున్నాల వలె కనిపిస్తాయని ముందే గ్రహించి తీసుకున్న జాగ్రత్త అది.

‘డబుల్ నైన్’, ‘ట్రిపుల్ ఫైవ్’ అనడం భారత్, బ్రిటన్‌లలో సాధారణం. అమెరికాలో ‘నైన్ నైన్’ అని విడివిడిగా చెబుతారు. అక్కడి వారితో మాట్లాడేటప్పుడు అలాగే చెప్పడం సులభం.

అక్షరాల పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయే సమస్య విమానయానంలో ప్రాణాల మీదికి వస్తుంది. బీ, డీ, పీ, టీ, వీ అన్నీ ఒకే ప్రాసలో ఉన్నాయి కదా. అందుకే ప్రతి అక్షరానికీ ఒక పూర్తి పదాన్ని కేటాయించి, ‘ఆల్ఫా, బ్రావో, చార్లీ’తో మొదలై ‘జులు’తో ముగిసే అంతర్జాతీయ పట్టికను 1956 నుంచి అమలు చేస్తున్నారు. మనం ‘ఎ ఫర్ ఆపిల్’, ‘బి ఫర్ బాల్’ అనడం అదే పని ఇంటి పద్ధతిలో చేయడం. అయితే ఎంచుకున్న పదం అవతలి వారికి తెలిసినదై ఉండాలి. ‘ఎన్ ఫర్ నెల్లూరు’ అని మనీలా ఉద్యోగికి చెబితే ఉపయోగం లేదు.

చిహ్నాల పేర్లు

ఈమెయిల్ చిరునామాలో వచ్చే @ గుర్తును మనం ‘ఎట్ ది రేట్’ అంటాం. బ్రిటన్‌లో, అమెరికాలో కేవలం ‘ఎట్’ అంటారు. మన పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి పాత బిల్లు పుస్తకం చాలు. ‘నూలు 50 కిలోలు @ 300’ అంటే కిలో మూడు వందల ‘రేటున’ అని అర్థం. 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు సందేశం పంపే పద్ధతిని తయారుచేసినప్పుడు, మనిషి పేరునూ యంత్రం పేరునూ విడదీయడానికి ఈ గుర్తును ఎంచుకున్నాడు. అక్కడితో అమెరికాలో దాని అర్థం ‘ఫలానా చోట’ అయింది. మన దగ్గర వ్యాపారుల పేరే నిలిచిపోయింది. మిగతా భాషలవారు ఆకారాన్ని చూసి పేరు పెట్టారు. ఇటాలియన్లకు అది నత్త, డచ్చివారికి కోతి తోక, రష్యన్లకు కుక్క. వాటి పక్కన పెడితే మన ‘ఎట్ ది రేట్’ చాలా గంభీరమైనదనే చెప్పాలి.

ఏటవాలు గీత / సంగతి చూడండి. ఇంటి నంబరులో దానిని ‘బై’ అంటాం, పాత కార్యాలయ ఇంగ్లీషులో ‘అబ్లిక్’ అంటారు, బ్రిటన్‌లో ‘స్ట్రోక్’ అనేవారు ఉన్నారు, కంప్యూటర్ వాడేవారికి అది ‘స్లాష్’. ‘బై’ అనే పేరు భిన్నాల నుంచి వచ్చింది. ‘మూడు బై నాలుగు’ అని చదివే అలవాటే ఇంటి నంబరుకూ పాకింది. వెబ్ చిరునామా చెప్పేటప్పుడు ‘బై’ అనకండి, ఎవరికీ అర్థం కాదు.

గణితం చదివేవారు కుండలీకరణాల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ( ) గుర్తులను మనమూ బ్రిటిష్‌వారూ ‘బ్రాకెట్లు’ అంటాం. అమెరికన్లు వీటిని ‘పరెంథసిస్’ అంటారు. వారికి ‘బ్రాకెట్లు’ అంటే [ ] గుర్తులు. పాఠశాలలో మీరు నేర్చుకున్న ‘బోడ్‌మాస్’ సూత్రం అమెరికన్ పుస్తకాల్లో ‘పెమ్‌డాస్’గా కనిపించడానికి ఇదే కారణం. మొదటి అక్షరం బ్రాకెట్ల నుంచి పరెంథసిస్‌కు మారింది. ఇంకో సంగతి, మనవారి సూత్రంలో భాగహారం ముందు, గుణకారం తర్వాత వస్తాయి. వారి సూత్రంలో గుణకారం ముందు వస్తుంది. నిజానికి ఆ రెండింటికీ సమాన ప్రాధాన్యం, ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోవాలి. పేరును అక్షరాలా నమ్మినవారికి రెండు దేశాల్లోనూ లెక్క తప్పుతుంది.

పౌండు

ఫోను మీటల మీద కనిపించే # గుర్తును మనం ‘హ్యాష్’ అంటాం. అమెరికాలో ‘పౌండ్’ అంటారు. అమెరికన్ కంపెనీ ఫోనులో ‘పౌండ్ కీ నొక్కండి’ అని యంత్రం చెబితే, బ్రిటిష్ పద్ధతి తెలిసినవారు మీటల మీద £ గుర్తు కోసం వెతుకుతారు. అది ఉండదు. ఈ రెండు గుర్తులూ నిజానికి ఒకే తల్లి బిడ్డలు. బరువు కొలతకు లాటిన్‌లో ‘లిబ్రా’ అనే మాట ఉంది. దాని మొదటి అక్షరానికి అడ్డగీత గీస్తే బ్రిటిష్ డబ్బు గుర్తు £ వచ్చింది. ఆ మాటకు పొట్టిరూపమైన రెండు అక్షరాలను గీతతో కలిపి వేగంగా రాయగా రాయగా # ఏర్పడింది. అమెరికా దుకాణాల్లో బరువు పక్కన ఆ గుర్తు వేసేవారు, ఆ పేరు నిలిచిపోయింది. 1968లో అక్కడి ఫోనులకు రెండు కొత్త మీటలు చేర్చినప్పుడు ఒకదాని మీద నక్షత్రం, మరోదాని మీద ఈ గుర్తు వచ్చాయి.

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవారికి పౌండు కొత్త కాదు. నూలు సన్నదనాన్ని చెప్పే ‘కౌంటు’ ఆ బరువు మీదే ఆధారపడింది. 840 గజాల పొడవును ఒక హ్యాంకు అంటారు. ఒక పౌండు బరువులో ఎన్ని హ్యాంకుల నూలు తూగితే అంత కౌంటు. నలభయ్యో నంబరు నూలు అంటే పౌండుకు 40 హ్యాంకులు, అంటే 33,600 గజాలు. కనుక నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నబడుతుంది. పాలియెస్టర్ దారానికి వాడే ‘డెనియర్’ దీనికి తలకిందులు. అది 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతుంది, నంబరు పెరిగితే దారం లావెక్కుతుంది. రెండు రకాల నూలూ ఒకే ఊళ్లోకి వచ్చినప్పుడు వట్టి నంబరు చెబితే చాలదు. ‘ఎనభై’ అన్నప్పుడు ఎనభై కౌంటా, ఎనభై డెనియరా అనేది వేరే ప్రశ్న. భారతదేశం మెట్రిక్ పద్ధతికి మారి దశాబ్దాలు గడిచినా, పౌండూ గజమూ ఈ ఒక్క నంబరులో ఎవరికీ కనిపించకుండా బతికే ఉన్నాయి.

పౌండుకు మూడో ముఖం బంగారం దగ్గర ఉంది. బ్రిటిష్‌వారి ఒక పౌండు విలువగల బంగారు నాణెం సావరిన్. దాని బరువు 7.988 గ్రాములు. తమిళులు ‘పవున్’, మలయాళీలు ‘పవన్’ అనేది ఈ పౌండునే. కోస్తా ఆంధ్రలో దానిని ‘కాసు’ అనీ ‘సవర’ అనీ అంటారు, 8 గ్రాములుగా లెక్కిస్తారు. తెలంగాణలో మాట్లాడేది ‘తులం’. తులం అసలు బరువు 11.66 గ్రాములు. మెట్రిక్ తూకాలు వచ్చాక మన అంగళ్లలో తులం అంటే 10 గ్రాములుగా స్థిరపడింది. గల్ఫ్‌లో మాత్రం పాత తులం పోలేదు. అక్కడి మార్కెట్లో పేరున్న ‘పది తులాల బిస్కెట్’ బరువు 116.64 గ్రాములు.

కోరుట్ల నుంచి వెళ్లిన వ్యక్తి దుబాయి నుంచి ‘పది తులాల బిస్కెట్ తెస్తున్నా’ అంటే, ఇంట్లో వాళ్లు వంద గ్రాములు అనుకుంటారు. తేడా పదహారు గ్రాములకు పైమాటే. అతని గదిలోని మలయాళీ మిత్రుడు అదే బరువును పధ్నాలుగున్నర పవన్లకు పైగా అని లెక్కిస్తాడు. బంగారం విషయంలో గ్రాముల్లో అడగండి, గ్రాముల్లో రాయించుకోండి.

ఒక చుక్క, రెండు ఎకరాలు

వాక్యం చివరి చుక్కను మనం ‘ఫుల్‌స్టాప్’ అంటాం, అమెరికన్లు ‘పీరియడ్’ అంటారు, వెబ్ చిరునామాలో అందరూ ‘డాట్’ అంటారు, దశాంశ సంఖ్యలో అది ‘పాయింట్’. ఈ పేర్ల భేదం వల్ల పెద్ద నష్టం లేదు. భూమి విస్తీర్ణంలో వచ్చే చుక్క అటువంటిది కాదు.

ఎకరం అనే ఇంగ్లీషు కొలత ఆంధ్ర, తెలంగాణ రెండింటిలోనూ ఉంది. రెండు చోట్లా అది 4,840 చదరపు గజాలే. దాని కింది మెట్టు దగ్గర తేడా వస్తుంది. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఆంధ్ర ప్రాంతంలో ఎకరాన్ని నూరు భాగాలు చేసి ఒక్కొక్క భాగాన్ని సెంటు అన్నారు. దీని వెనుక 17వ శతాబ్దపు ఇంగ్లీషు గణితవేత్త ఎడ్మండ్ గంటర్ తయారుచేసిన గొలుసు ఉంది. గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లంకెలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం కనుక నూరు భాగాల లెక్క సర్వేయరుకు సులభం. నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యం సర్వేలో బొంబాయి పద్ధతిని అనుసరించింది. అక్కడ ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చతురస్రం, అంటే 121 చదరపు గజాలు. 33 అడుగులు గంటర్ గొలుసులో సరిగ్గా సగం కావడం గమనించండి. ఒకే గొలుసుతో కొలిచి, ఒకరు నూరుతో భాగించారు, మరొకరు నలభైతో. ఒక గుంట రెండున్నర సెంట్లకు సమానం. ఎల్లంతకుంటలో ‘సెంటు’ అంటే చొక్కాకు పూసుకునేదే తప్ప భూమి కొలత కాదు.

1956లో రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రమయ్యాయి, 2014లో మళ్లీ రెండయ్యాయి. ఈ మధ్యకాలంలో ఉద్యోగులు అటూ ఇటూ బదిలీ అయ్యారు, భూములు అటువారు ఇటూ ఇటువారు అటూ కొన్నారు. కొలతలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఇప్పుడు ‘2.20’ అనే రాతను తీసుకోండి. తెలంగాణ పద్ధతిలో దీని అర్థం రెండెకరాల ఇరవై గుంటలు. ఇరవై గుంటలు అరెకరం కనుక మొత్తం రెండున్నర ఎకరాలు. ఆంధ్ర పద్ధతిలో ఇదే రాత రెండెకరాల ఇరవై సెంట్లు. రెండింటికీ తేడా 30 సెంట్లు, అంటే 12 గుంటలు, అంటే 1,452 చదరపు గజాలు. ఇళ్ల స్థలాలు వేస్తే ఏడెనిమిది కుటుంబాలు ఉండగల జాగా అది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తప్పు చదవలేదు. చుక్క ఒకటే, దాని కుడి పక్కన ఉన్నది ఏమిటనే విషయంలో రెండు అలవాట్లు ఉన్నాయి.

ఇందులో అసలు మెలిక ఏమిటంటే, ఆంధ్ర పద్ధతిలోని చుక్క నిజమైన దశాంశ బిందువు, తెలంగాణ పద్ధతిలోనిది కాదు. అది ఎకరాలనూ గుంటలనూ విడదీసే గుర్తు మాత్రమే. గడియారంలో గంటలనూ నిమిషాలనూ విడదీసే చుక్క వంటిది. కాబట్టి గుంటల్లో రాసిన విస్తీర్ణాలను క్యాలిక్యులేటర్‌తో నేరుగా కూడకూడదు. అన్నదమ్ములిద్దరి వాటాలు 1.25, 1.25 అనుకుందాం. క్యాలిక్యులేటర్ 2.50 అంటుంది. 50 గుంటలు అంటే ఒక ఎకరం దాటి పది గుంటలు కనుక అసలు మొత్తం మూడెకరాల పది గుంటలు, 3.10. కంప్యూటర్‌లో లెక్కల పట్టిక నింపేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. 1.30 అని కొట్టగానే చివరి సున్నాను అనవసరమని తీసేసి యంత్రం 1.3 అని చూపుతుంది. ముప్పై గుంటలు కాస్తా చూసేవారి కళ్లకు మూడు గుంటలు అవుతాయి. మూడు గుంటలను 1.03 అని రాయాలి.

ఒక చిన్న పరీక్షతో చాలా సందేహాలు తీరుతాయి. చుక్క తర్వాతి సంఖ్య 40 గానీ అంతకు మించి గానీ ఉంటే అది గుంటల లెక్క కాదు. 39 లోపు ఉంటే మాత్రం రాతను చూసి ఏమీ తేల్చలేం, ఏ ప్రాంతపు పత్రమో చూడాలి. చదివి వినిపించేటప్పుడు ‘టూ పాయింట్ టూ జీరో’ అనకుండా ‘రెండెకరాల ఇరవై గుంటలు’ అని పూర్తిగా చెప్పండి. మన పల్లెల్లో చదువు రాని పెద్దలు ఎప్పుడూ ఇలాగే చెబుతారు. పాయింటు పెట్టి చెప్పడం చదువుకున్నవారి అలవాటు.

పెద్ద సంఖ్యల్లో కామాది కూడా ఇటువంటి కథే, క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. మనం 1,50,000 అని రాసేదానిని గల్ఫ్ బ్యాంకులు 150,000 అని రాస్తాయి. విలువ మారదు. పది లక్షలు ఒక మిలియన్, నూరు కోట్లు ఒక బిలియన్. బ్రిటన్‌లో మాత్రం బిలియన్ అంటే ఒకప్పుడు లక్ష కోట్లు. 1974లో అక్కడి ప్రభుత్వం అమెరికన్ లెక్కకు మారింది. అంతకు ముందు అచ్చయిన బ్రిటిష్ పుస్తకాల నుంచి అంకెలు తీసుకునేటప్పుడు సంవత్సరం చూసుకోండి.

అభ్యాసం

1. మీ ఊరి పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తున్నారో ఆధార్ కార్డు, బస్సు బోర్డు, బ్యాంకు పాస్‌పుస్తకం చూసి రాయండి. తేడా అక్షరం పేరు వల్ల వచ్చిందా, ధ్వని వల్ల వచ్చిందా వివరించండి.

2. ఒక పత్రంలో ముగ్గురి వాటాలు 0.35, 1.15, 0.30 అని ఉన్నాయి. ఇవి గుంటలైతే మొత్తం ఎంత? సెంట్లైతే ఎంత? రెండింటినీ చదరపు గజాల్లోకి మార్చి తేడా చెప్పండి.

3. మీ ఈమెయిల్ చిరునామానూ, మీ బ్యాంకు శాఖ ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌నూ ఫోనులో ఒక అమెరికన్‌కు చెబుతున్నట్టు తెలుగు లిపిలో రాయండి. తర్వాత కాగితం చూపకుండా దానిని మిత్రునికి చదివి వినిపించి, అతను రాసుకున్నదాన్ని మీ అసలు చిరునామాతో, కోడ్‌తో సరిపోల్చండి.